తలుపు దగ్గర వైద్యం

"మీరు పేషెంటా, స్టాఫా?"

ఆ మాట అడిగిన డాక్టరమ్మ ఆ ఆస్పత్రిలో చేరి అప్పటికి వారం కూడా కాలేదు. అడిగించుకున్నాయన ఆ ఓపీ హాల్లో రోగుల పేర్లు పిలవడం మొదలుపెట్టిన నాటికి ఆవిడ పుట్టి ఉండదు. ఆయన తలుపు చట్రానికి భుజం ఆనించి, ఒక పాదాన్ని చెప్పులోంచి సగం బయటికి లాగి, నాలుకతో పెదవులు తడుపుకుంటూ నిలబడి ఉన్నాడు. చెప్పు పట్టీ పాదంలోకి దిగి, అది ఉన్నచోట ఎర్రటి గాడి పడింది. డాక్టరమ్మ ఆయన మొహం చూడలేదు, ఆ గాడినే చూసింది.

"స్టాఫునమ్మా," అన్నాడు, వచ్చిన కోపాన్ని మింగి.

"మంచిది. స్టాఫుకి కాళ్ళెందుకు వాచాయి?"

"అదేం లేదమ్మా. దానికి మాత్ర వేసుకుంటూనే ఉన్నా."

"ఎవరు రాశారు?"

"మన సారే."

"ఏ సారు?"

ఆయన హాలు వంక చూశాడు. ఆ హాలుకి అటూ ఇటూ ఉన్న ప్రతి తలుపు వెనకా ఒక సారు ఉన్నాడు. వాళ్ళలో ఆయనకి ఏదో ఒక మాత్ర ఇవ్వని సారు లేడు.

ఆయన్ని అందరూ కంచు అంటారు. గొంతును బట్టి వచ్చిన పేరు. మైకు లేని రోజుల్లో ఆయన ఇక్కడ నిలబడి పేరు పిలిస్తే, బయట సైకిల్ స్టాండు దగ్గర టీ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొచ్చేవాడు. తర్వాత మైకు పెట్టారు, అది చెడిపోయింది, బాగు చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కంచు ఉన్నాడుగా.

ఆయన పనితీరు చూడముచ్చటగా ఉండేది. కౌంటర్ నుంచి వచ్చిన చీటీల కట్టను ఒకసారి తిరగేసి, చేతులు వెనక్కి కట్టుకుని, కాగితం వంక మళ్ళీ చూడకుండా వరసగా పిలిచేవాడు. వినపడనివాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళేవాడు. ముసలమ్మల పేర్లకి చివర "అమ్మా" తగిలించేవాడు, కుర్రాళ్ళ పేర్లకి ముందు "ఒరేయ్" అని ఉందేమో అనిపించేలా పిలిచేవాడు. తన వంతు దాటిపోయిందని ఎవరైనా గొడవపడితే, "బాత్రూముకి వెళ్ళొచ్చావు కదయ్యా, అదెక్కడికీ పారిపోదు. డాక్టరు పారిపోతాడు, వేళకి ఇక్కడుండాలి," అనేవాడు. హాలంతా నవ్వేది. జబ్బుతో వచ్చి కుర్చీల్లో ఇరుక్కున్నవాళ్ళు నవ్వడం ఆస్పత్రికి పైసా ఖర్చు లేకుండా దొరికిన సదుపాయం. గోడ మీద మాత్రం "మనమంతా ఒకే కుటుంబం" అని పెద్ద బోర్డు ఉండేది. ఆ బోర్డు చదివి ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఆ కుటుంబంలో ఒక మర్యాద ఉంది. స్టాఫు చీటీ రాయించుకోరు. చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చోవడమంటే, డాక్టరుగారు మనవాడు కాదని నలుగురిలో చాటుకోవడం. కాబట్టి ఎవరికి ఏ నలత చేసినా తలుపు దగ్గరే అడిగేస్తారు. కంచుకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. డాక్టరుగారి కారు ఆగగానే వెళ్ళి సంచీ అందుకుంటాడు. కారు నుంచి గది దాకా ఆ నడకే ఆయనకి దొరికే పరీక్ష.

"ఏం కంచూ, ఎలా ఉన్నావ్?"

"మీ దయ సార్. సాయంత్రానికి కాళ్ళు కాస్త బరువెక్కుతున్నాయి."

"నీరు పట్టి ఉంటుంది. ఇదిగో, పొద్దున్నే ఒకటి వేసుకో."

సంచీ బల్ల మీద పెట్టేలోపు డ్రాయరులోంచి శాంపిల్ అట్ట ఒకటి బయటికొస్తుంది. బీపీ చూడరు, నాడి పట్టరు. అలా పట్టుకుంటే పరాయివాడిలా చూసినట్టుంటుందని ఇద్దరికీ మొహమాటం. పాపం, అభిమానానికి స్టెతస్కోపు ఉండదు.

మొదట ఇచ్చింది బీపీ మాత్ర. గుండె డాక్టరుగారు ఇచ్చారు. అది అవసరమే. అందరికీ కాకపోయినా కొందరికి ఆ మాత్రతో పాదాలు వాస్తాయి. ఈయనకి వాచాయి. వాచినందుకు జనరల్ డాక్టరుగారు నీరు లాగే మాత్ర ఇచ్చారు. అది వేసుకున్నాక ఆయన రెండు పేర్లు పిలిస్తే మూడోసారి బాత్రూముకి పరిగెత్తాల్సి వచ్చింది. తలుపు దగ్గర నిలబడే మనిషికి ఇది పీకల మీదికొచ్చే విషయం. దాన్ని ఆపడానికి మూత్రం డాక్టరుగారు ఇంకో మాత్ర ఇచ్చారు. అది కింద ఆపాల్సిన తడిని కొంచెమే ఆపి, పైన నోట్లో ఉన్న తడిని మొత్తం ఆపేసింది. రాత్రుళ్ళు లేవడం మానలేదు, నిద్ర మాత్రం చెడింది. నిద్రకో మాత్ర. తెల్లారాక నేల ఊగినట్టుంటే ముక్కు చెవుల డాక్టరుగారు తల తిరుగుడికి మాత్ర ఇచ్చారు. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ మాత్ర చేతిని వణికించి, నడకని బిగించింది. చీటీల కట్ట పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే నరాల డాక్టరుగారు తన గది గుమ్మంలోంచే చూసి, "వయసు కదా," అన్నారు. వణుకుడికి మాత్ర ఇచ్చారు. నోట్లో మిగిలిన ఆ కాస్త తడీ దానితో పోయింది.

వయసు అన్నది చాలా అనువైన జబ్బు. దానికి రక్తపరీక్ష అక్కర్లేదు, ఎక్స్‌రే అక్కర్లేదు. తప్పు ఎవరి మీదా పడదు.

ఇది ఎలా ఉందంటే, ఒకాయన ఇంటి కప్పు కారుతోందని ఒకడొచ్చి బకెట్టు పెట్టాడు. బకెట్టు కాలికి తగులుతోందని ఇంకొకడొచ్చి దాన్ని స్టూలు మీదికెక్కించాడు. చీకట్లో స్టూలు మోకాలికి కొట్టుకుంటోందని మూడోవాడు దీపం వేలాడదీశాడు. కప్పు మీదికెక్కి చూసినవాడు లేడు. ఇంతమంది వచ్చి ఇంత సాయం చేశారని ఇంటాయన మాత్రం మురిసిపోయాడు. ఈ డాక్టర్లలో దుర్మార్గుడు ఒక్కడున్నా కథ సులువయ్యేది. అందరూ మంచివాళ్ళే. కంచు పేరు చెబితే మొహం విప్పార్చుకునేవాళ్ళే. ఏ ఒక్కరూ "ఇంకా ఏమేం వేసుకుంటున్నావు?" అని అడగలేదు.

గొంతు తడారిపోవడం ఆయనకి మొదట నవ్వులాటగానే తోచింది. పక్కన నీళ్ళ సీసా పెట్టుకున్నాడు. నీళ్ళు తాగితే మళ్ళీ పరుగు. పిలుపు మొదటి వరస కుర్చీలు దాటడం మానేసింది. వెనక వరసవాళ్ళు లేచి ముందుకొచ్చి తలుపు దగ్గర గుంపు కట్టారు. తర్వాత పేర్లు తప్పాయి. చూపించుకుని వెళ్ళిపోయినావిణ్ణి మళ్ళీ పిలిచాడు. చెవిపోటుతో వచ్చినావిణ్ణి ఎముకల గదిలోకి పంపాడు. ఆవిడ అక్కడ మోకాలు చూపించుకుని, మందు రాయించుకుని, చెవి పట్టుకునే ఇంటికెళ్ళింది.

పరిపాలన చూసే మేనేజరు ఆయన్ని గదిలోకి పిలిచాడు. కంచు రిటైరై చాలాకాలమైంది. అప్పటినుంచీ ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తూ ఉంచారు.

"కూర్చోండి."

"ఫర్వాలేదు సార్."

"కంప్లయింట్లు వస్తున్నాయండీ. మీరంటే మాకు గౌరవం, అది వేరే సంగతి. నెలాఖరుకి మీ రెన్యువల్ ఉంది. ఈ నెల చూస్తాను."

"చూడండి సార్. గొంతు కాస్త పట్టేసింది, అంతే."

"గొంతు సరే. పేర్లు?"

ఆయన చీటీల కట్ట సర్దుకుని బయటికొచ్చాడు.

ఆ తలుపు పోతే తిండికి లోటని కాదు. పెన్షన్ కొంత వస్తుంది, భార్య దిండు గలీబులు కుట్టి లాడ్జీలకి ఇస్తుంది. బెంగ వేరే. ఇంట్లో ఆయన్ని పిలిచేవాళ్ళే గాని, ఆయన పిలిస్తే వచ్చేవాళ్ళు లేరు. ఇక్కడ ఆయన నోట పేరొస్తే మంచంపట్టినవాడు కూడా లేచి నిలబడతాడు. నలభై ఏళ్ళపాటు అలా బతికిన మనిషికి ఆ నెలాఖరు ఉరికంబంలా కనబడింది. ఏం చేశాడు? తనకి తెలిసిందే చేశాడు. మర్నాడు నరాల డాక్టరుగారి సంచీ అందుకుని, నడుస్తూ అడిగాడు.

"సార్, జ్ఞాపకశక్తికి ఏమన్నా ఉందా?"

"ఎందుకు లేదు కంచూ?" అన్నారాయన. మాత్ర వచ్చింది.

వాళ్ళింట్లో హాలూ పడగ్గదీ కుట్టుమిషను గదీ అన్నీ ఒకటే గది. ఆ ఆదివారం భార్య మిషను ఆపి, అలమరలో నుంచి మాత్రల డబ్బాలు, అట్టలు, శాంపిల్ పొట్లాలు అన్నీ తెచ్చి మంచం మీద గుమ్మరించింది. ఆవిడ తమ్ముడు, లారీల రేడియేటర్లు బాగు చేసేవాడు, టీ తాగడానికొచ్చి ఇది చూసి గ్లాసు పట్టుకునే మంచం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"అక్కా, వీటిని దారానికి గుచ్చితే మెళ్ళో వేసుకోవచ్చే. బావకి మింగే బాధ తప్పుతుంది."

"నువ్వు నోర్మూసుకుని టీ తాగరా. ఏవండీ, ఇది దేనికి?"

"అది పొద్దుటిది."

"పొద్దున దేనికీ అని."

"లేవడానికి."

"ఇదో?"

"రాత్రి పడుకోవడానికి."

"దేవుడా! లేవడానికొకటి, పడుకోవడానికొకటి. ఊపిరి తీయడానికి ఇంకా రాయలేదా మీ సార్లు?"

"బావా," అన్నాడు తమ్ముడు, "నా మాట విను. అన్నీ ఊడ్చి కాలవలో పడెయ్. రేపటికల్లా గుర్రంలా లేస్తావు."

ఈ సలహా పాటించి ఉంటే ఆయన గుర్రంలా లేచేవాడు కాదు, స్ట్రెచర్ మీద లేచేవాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం కంచు రెండు చేతులూ అట్టల మీద కప్పేశాడు.

"మీకేం తెలుసు? ఈ తెల్లది గుండె డాక్టరుగారు సొంత జేబులోంచి తీసిచ్చారు. ఇదేమో మన పెళ్ళిరోజని తెలిసి నవ్వుతూ ఇచ్చిన మాత్ర. ఇవి ఆపేసి రేపు వాళ్ళ మొహం ఎలా చూడమంటారు?"

"మీరు మందులు మింగేది వాళ్ళ మొహం చూడ్డానికా?"

"నీకు అర్థం కాదులేవే. ఊళ్ళో ఎంతమందికి డాక్టర్లు అడక్కుండా మందులిస్తారు?"

"అడక్కుండా ఇచ్చేది వాళ్ళకి అక్కర్లేనిదయ్యుంటుంది." భార్య గొంతు తగ్గించింది. "నిన్న అన్నం పెడుతుంటే నన్ను తర్వాత రమ్మన్నారు. గుర్తుందా?"

ఆయనకి గుర్తు లేదు. తమ్ముడు నవ్వబోయి, అక్క మొహం చూసి ఆపుకున్నాడు.

"తర్వాత రమ్మన్నారండీ. చీటీ తెచ్చావా అన్నారు. తెచ్చానని చెప్పి వడ్డించాను."

ఆవిడకి చక్కెర జబ్బు ఉంది. వీధి చివర చిన్న క్లినిక్కుకి వెళ్ళి, లైన్లో కూర్చుని, చూపించుకుని వస్తుంది. మొగుడు అంత పెద్ద ఆస్పత్రిలో పనిచేస్తూ ఈ లైనేంటని వీధివాళ్ళు ముక్కున వేలేసుకున్నా మానలేదు. ఆవిడ వేసుకునేది ఒక్క మాత్ర. దాన్ని రాసిన డాక్టరు వెళ్ళిన ప్రతిసారీ పాత చీటీ అడుగుతాడు.

"కొత్తగా ముసలాళ్ళ డాక్టరమ్మ వచ్చిందన్నారుగా. చీటీ రాయించుకోండి. నేనూ వస్తా."

"నేను బెంచీ మీద కూర్చోవాలా?"

"కూర్చోండి. నెలాఖరుకి ఎలాగూ కూర్చోబెడతారు, ఇంట్లో."

ఇది పనిచేసింది.

మంగళవారం ఆయన యూనిఫాం వేసుకోలేదు. సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మందుల సంచీ చంకలో ఇరికించుకుని వచ్చాడు. కౌంటర్ దగ్గర గుమాస్తా, "ఏంటి కంచుగారూ, ఎవరికి?" అని అడిగి, ఆయనకేనని తెలిశాక తల దించుకుని టైపు చేశాడు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కావాలన్నాడు. ఇన్నేళ్ళుగా ఆ పేరు ఆ హాల్లో ఎవరూ పలకలేదు. హాల్లోని ప్రతి కుర్చీ ఎటు ఊగుతుందో ఆయనకి తెలుసు గాని, కుర్చీలోంచి తలుపు ఎంత ఎత్తుగా కనిపిస్తుందో అప్పటిదాకా తెలియదు. గోడవైపు మొహం తిప్పుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన భార్య.

పొద్దుటి మాత్రలు అప్పటికే పని మొదలుపెట్టాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి. వృద్ధుల ఓపీ గది తలుపు తీసి, నర్సు మెల్లగా ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది.

కంచు లేచాడు. ఆ మెల్లటి గొంతు మీద ఆయనకి చిరాకు కలిగినట్టుంది. సంచీ కుర్చీలో పెట్టి, నాలుగడుగులు వేసి, హాలు మధ్యలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని ఆ పేరు పిలిచాడు. మొదటి అక్షరం బొంగురుగా పగిలింది. తర్వాత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది, పాత గొంతు, సైకిల్ స్టాండు దాకా వెళ్ళే గొంతు. హాలు నిశ్శబ్దమైంది. ఆయన కుర్చీలన్నీ కలయజూసి ఎదురుచూశాడు.

"ఉన్నారా? రండయ్యా, డాక్టరుగారు చూస్తున్నారు. లేటైతే మీదే పూచీ."

ఇంకోసారి పిలిచాడు. ఇంటిపేరుతో సహా. తన పేరే.

ముందు నర్సు నవ్వింది, ఏదో హాస్యమాడుతున్నాడనుకుని. తర్వాత కౌంటర్ వైపు నుంచి కిసుక్కుమన్నారు. మూడో వరసలోంచి ఒకాయన, "పెద్దాయనా, జేబులో చూసుకో, ఆ చీటీ నీదేనేమో!" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. అలవాటు కొద్దీ కంచు కూడా నవ్వాడు, ఇంకా ఆ రోగి కోసం వెతుకుతూనే.

భార్య వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "మీరేనండీ. పదండి."

మేడమెట్ల మీద ఫైలు పట్టుకుని నిలబడ్డ మేనేజరు అంతా చూశాడు. ఆయన నవ్వలేదు. నవ్వకపోవడం మర్యాద వల్ల కాదని తర్వాత తేలింది.

డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్ళీ చూసింది. నాలుక బయటపెట్టమంది. వేలితో పాదం నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి నిండుతుందో చూసింది. చెయ్యి చాపమంది. ఇన్నేళ్ళలో ఆ ఆస్పత్రిలో ఒక డాక్టరు ఆయన్ని అంతసేపు ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన ఇబ్బందిగా కదిలాడు. తర్వాత ఆవిడ సంచీ బల్ల మీద బోర్లించి, ఒక్కో అట్టా చదివి, వరసలో పేర్చింది. రెండింటిని పక్కకి తీసింది.

"ఈ రెండూ ఒకటే మందు. కంపెనీలు వేరు. ఇద్దరు ఇచ్చారా?"

"ఇద్దరూ పెద్దవాళ్ళేనమ్మా."

"పెద్దవాళ్ళే. మందు మాత్రం ఒకటే, మీరు రెండింతలు మింగుతున్నారు." వరసలో మొదటి అట్ట మీద వేలు పెట్టింది. "ఇది మీకు కావాలి, కానీ ఇదే రకం కాదు, మారుద్దాం. కాళ్ళు దీనివల్ల వాచాయి. కాళ్ళ కోసం ఇదొచ్చింది. దీని పరుగులాపడానికి ఇది. నిద్రకి ఇది. నిద్రమాత్ర మత్తుకి తల తిరిగితే ఇది. చెయ్యి వణకడం జబ్బు కాదు, ఈ తల తిరుగుడు మాత్ర పని. వణుకుడికి ఇచ్చింది, మూత్రానికి ఇచ్చింది, రెండూ కలిసి మీ నోరు ఎండబెట్టి, బుర్ర మొద్దుబార్చాయి. దానికి మళ్ళీ జ్ఞాపకశక్తి మాత్ర."

కంచు చాలాసేపు ఆ వరసకేసి చూశాడు.

"అంటే మా సార్లకి ఇదంతా తెలియదా?"

"బాగా తెలుసు. ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఇదే చెప్పేవాళ్ళు. మీరు నడుస్తూ అడిగారు, వాళ్ళు నడుస్తూ ఇచ్చారు."

"ముసలితనం కాదన్నమాట," అంది భార్య.

"ముసలితనం ఉంది. ఇంత లేదు."

అన్నీ ఒక్కసారి ఆపకూడదని, ముఖ్యంగా నిద్రమాత్ర మెల్లమెల్లగా తగ్గించాలని, ఒకటి తీసి కొన్నాళ్ళు చూసి ఇంకొకటి తీద్దామని చెప్పింది. రెండు మూడు నెలలు పడుతుందంది. నెలాఖరుకి కావాలని ఆయన బతిమాలాడు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, కుదరదంది. చివరికి ఆయన ఒక్కటే అడిగాడు.

"చీటీలో వాళ్ళ పేర్లు రాయకమ్మా."

పేర్లు రాయలేదు గాని, ఆపేముందు ఒక మాట చెప్పడం పద్ధతి కాబట్టి ఆవిడ ఆ సాయంత్రం ఒక్కో గదికీ వెళ్ళి అడిగింది. గుండె డాక్టరు, "నేనిచ్చానా? ఇచ్చే ఉంటాను. పాపం, మంచివాడు," అన్నాడు. ముక్కు చెవుల డాక్టరు, "నా మందు మీద మీ అభిప్రాయం నేనడిగానా?" అన్నాడు. నరాల డాక్టరు అందరికన్నా నిజం చెప్పాడు. "ఆయన నా పేషెంటు కాడండీ. నా దగ్గర రికార్డే లేదు." నిజమే. ఏ గదిలోనూ లేదు. అన్ని మాత్రలూ కడుపులో ఉన్నాయి, ఒక్కటీ కాగితం మీద లేదు. అవి ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. వాటిని కన్నవాళ్ళే లేరు.

నెలాఖరు వచ్చేసరికి రెండు మాత్రలు తగ్గాయి. కంచు కాస్త తేటగా ఉన్నాడు. పేర్లు తప్పడం తగ్గింది. ఆ ధైర్యంతోనే మేనేజరు గదిలోకి వెళ్ళాడు, ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు.

"మన సిస్టంలో చూశానండీ," అన్నాడు మేనేజరు. "వృద్ధుల ఓపీలో చీటీ ఉంది. మతిమరుపు, తల తిరుగుడు, వణుకు అని లక్షణాలు రాసి ఉన్నాయి."

"అవి మందుల వల్ల సార్. తగ్గుతున్నాయి. డాక్టరమ్మే చెప్పింది."

"చాలా సంతోషం. కానీ కాగితం మీద ఉన్నది నేను చూడనట్టు నటించలేను కదా. రేపు ఎవర్నో తప్పు గదికి పంపితే, తెలిసి ఎందుకు ఉంచారని నన్నే అడుగుతారు."

"ఇన్నేళ్ళూ నా మీద ఒక్క కాగితం లేదు సార్."

"అదేనండీ నేను చెప్పేది. ఇప్పుడు ఉంది."

ఇందులో మేనేజరు తర్కం తప్పని చెప్పడం కష్టం. మాత్రలు గుప్పెళ్ళతో మింగుతూ తూలుతున్నన్నాళ్ళూ కంచు ఆ ఆస్పత్రి లెక్కల్లో ఆరోగ్యవంతుడు. సరైన వైద్యం మొదలైన రోజున రోగి అయ్యాడు. సాగనంపే రోజు హాల్లో నలుగురిని పోగేసి, ఆయన ఈ కుటుంబంలో పెద్దదిక్కని మేనేజరు మాట్లాడాడు. గుండె డాక్టరుగారు ఓపీ మధ్యలోంచి వచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళారు.

డాక్టరమ్మ చెప్పినట్టే మూడో నెల దాటేసరికి పాదాలు చెప్పుల్లో ఒదిగాయి. రాత్రి ఒక్కసారి లేస్తే సరిపోతోంది. చెయ్యి నిలకడగా ఉంది. భార్య ఇచ్చిన సూదిలో దారం ఎక్కించి చూపించాడు, పరీక్ష పాసైన పిల్లాడిలా. వేసుకుంటున్నవి రెండే మాత్రలు. గొంతు తిరిగొచ్చింది. ఒక సాయంత్రం వీధిలో వెళుతున్న బావమరిదిని కిటికీలోంచి పిలిస్తే, నాలుగిళ్ళ అవతల కుక్క లేచి మొరిగింది.

"బావా, నీకో దండం. ఆ మాత్రలు మళ్ళీ మొదలెట్టు, చెవులు పోతున్నాయి," అన్నాడు బావమరిది.

కంచు నవ్వలేదు. "ఎవర్ని పిలవనురా ఈ గొంతుతో?" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన ఉద్యోగానికి తగినవాడేనని సర్టిఫికెట్ రాసిచ్చింది. దాన్ని తీసుకుని మేనేజరు దగ్గరికి వెళితే, ఆ పని ఇప్పుడు సెక్యూరిటీ ఏజెన్సీకి ఇచ్చేశామని చెప్పాడు. తలుపు దగ్గర నీలం చొక్కా గార్డు ఒకడు నిలబడుతున్నాడు. పేర్లు చదవడు. తలుపు తెరిచి "నెక్స్ట్" అంటాడు. ఆ మాటకి ఒకేసారి ముగ్గురు లేస్తారు, తోసుకుంటారు, బలమున్నవాడు లోపలికెళతాడు. డాక్టరుగారి కారు ఆగితే సంచీ అందుకునేదీ ఆ గార్డే. ఈ మధ్య వాడు గదిలోంచి బయటికొచ్చేటప్పుడు జేబులో ఏదో పెట్టుకుంటున్నాడు.

కంచు రెండు నెలలకోసారి చూపించుకోవడానికి వస్తాడు. చీటీ రాయించుకుని, ముందు వరసలో కూర్చుంటాడు. డాక్టర్లు ఆ దారినే నడుస్తారు. చాలామందికి సరిగ్గా ఆ కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఫోన్ మోగుతుంది. గుండె డాక్టరు మాత్రం ఒకసారి ఆగాడు.

"ఏం కంచూ, మా మీద కంప్లయింట్ ఇచ్చావటగా?" అని నవ్వి, భుజం తట్టి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆయన ఎవరి మీదా ఏ కంప్లయింటూ ఇవ్వలేదు. ఆ మాట అరిచి చెప్పగల గొంతు ఇప్పుడుంది. చెప్పలేదు. మందులిచ్చినన్నాళ్ళూ వాళ్ళు ఆయనకి దగ్గరివాళ్ళు. మందులు మానేశాక వాళ్ళు మిగల్లేదు. ఆరోగ్యానికి ఇంత వెల ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, డాక్టరమ్మ కూడా. ఆవిడకి అది తెలిసే అవకాశం లేదు, పుస్తకాల్లో రాయరు.

చూపించుకుని వెళ్ళేటప్పుడు ఆయన మేడమెట్లెక్కి అకౌంట్స్ గదికి వెళతాడు. ఆయన పనిచేసిన ఆఖరి నెలని డ్యూటీ కింద చూపించాలా, అనారోగ్య సెలవు కింద చూపించాలా అన్నది తేలలేదని, మేనేజరు సంతకం కావాలని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ నెల జీతం ఆస్పత్రి ఆయనకి ఇంకా ఇవ్వలేదు.